టెక్ సందేహాలు: వానొస్తే ఫోన్ ఎందుకు మూగబోతుంది?

ప్రశ్న: మాది ఇంకా రాగి తీగ ల్యాండ్‌లైనే. ముసురు పట్టిందంటే గరగరమంటుంది, నెట్ తెగి తెగి వస్తుంది. లైన్‌మన్ వచ్చేసరికి ఎండ కాసి అంతా బాగుంటుంది. ఆయనకేం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, తుని

జవాబు: ‘ఇప్పుడు బాగానే ఉందండీ’ అని మాత్రం చెప్పకండి. ఆ మాటతో కంప్లయింట్ మూసేస్తారు. తడికి వచ్చి ఎండకి పోతోందంటే ఎక్కడో అతుకులోకి నీళ్లు దిగుతున్నట్టే. ఎక్స్ఛేంజ్ నుంచి మీ తీగల జతకి ఎప్పుడూ 48 వోల్టుల డీసీ వస్తూ ఉంటుంది. అతుకు తడిస్తే రెండు తీగల మధ్యనో, ఒక తీగకీ నేలకీ మధ్యనో ఆ కరెంటు కారిపోతుంది. మీకు వినిపించే గరగర అదే. పైగా తడీ డీసీ కలిసినచోట రాగికి పచ్చగా చిలుము పడుతుంది. అందుకే ఈ జబ్బు ఆరినప్పుడు తగ్గినట్టే ఉండి, వానవానకీ ముదురుతుంది.

ముందు తప్పు ఇంట్లో ఉందా, బయట ఉందా తేల్చుకోండి. తీగ ఇంట్లోకి వచ్చే రోసెట్ పెట్టె దగ్గర లోపలి వైరింగ్, స్ప్లిటర్ (ఫోన్‌నీ నెట్‌నీ విడదీసే చిన్న పెట్టె), మోడెమ్ అన్నీ విప్పేసి ఫోన్ ఒక్కటే నేరుగా తగిలించండి. డయల్ టోన్ వచ్చాక ఏదో ఒక అంకె నొక్కితే కొన్ని క్షణాలు నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడూ గరగర వినిపిస్తే తప్పు బయటిదే. మల్టీమీటరు ఉంటే, రిసీవరు పెట్టేసి ఉండగా రెండు తీగల మధ్య 48 వోల్టుల దగ్గర నిలకడగా చూపాలి. వానలో అది దిగిపోయి ఊగిసలాడుతుంటే లీకేజీ ఉన్నట్టు. రింగ్ వచ్చినప్పుడు అదే జత మీద 75 వోల్టుల ఏసీ ఉంటుంది కాబట్టి ఉత్త చేత్తో పట్టుకోకండి. ఉరుములు వినిపిస్తుంటే అసలా జోలికే వెళ్లకండి.

కంప్లయింట్ వాన పడుతుండగానే ఇవ్వండి. ఎక్స్ఛేంజ్‌లో కూర్చుని లైన్ పరీక్షించినా లోపం దొరికేది అప్పుడే. లైన్‌మన్ వస్తే భూమిలోని జెల్లీ నింపిన పెద్ద కేబుల్ కంటే ముందు, వీధిలో లైన్లను ఇళ్లకు పంచే డీపీ పెట్టె నుంచి మీ గోడ దాకా వచ్చే డ్రాప్ వైరుని చూడమనండి. చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. అతుకుల్లేని ఒకే ముక్క వేయించుకోండి. అతుకు తప్పదంటే నల్ల టేపు చుట్టి వదిలేయనివ్వకండి, లోపల జెల్ ఉండే యూవై కనెక్టర్ వాడమనండి. తీగ గోడలోకి దూరే ముందు ఒక చుట్టు కిందికి వేలాడితే నీటిబొట్లు అక్కడే రాలిపోతాయి.

ఇంకో గుర్తు: ఫోన్ పూర్తిగా చచ్చి, నెట్ మాత్రం ఈడ్చుకుంటూ నడుస్తుంటే రెంటిలో ఒక తీగ తెగింది. బ్రాడ్‌బ్యాండ్ వాడే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఆ చిన్న తెంపుని ఎలాగో దాటేస్తుంది, 48 వోల్టుల డీసీ దాటలేదు. డ్రాప్ వైరు ఒకసారి మార్పించినా తగ్గకపోతే, మీ వీధిలో ఫైబర్ ఉంటే అటు మారిపోండి. ఈ రోజుల్లో రాగి మీద అంతకంటే ఓపిక దండగ.

ప్రశ్న: మాది ఫైబర్. ఎండాకాలం మధ్యాహ్నం అయితే ఎర్ర లైటు వెలిగి నెట్ పోతుంది, రాత్రికి వచ్చేస్తుంది. రూటర్ మార్చమంటున్నారు.
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: మార్చకండి, ముందు ఒక అంకె చూడండి. బ్రౌజర్‌లో 192.168.1.1 (కొన్ని పెట్టెలకు వేరే అంకె, వెనక స్టిక్కర్ మీద ఉంటుంది) కొట్టి లోపలికి వెళితే, పాన్ (PON) లేదా ఆప్టికల్ సమాచారం కింద అందుతున్న కాంతి బలం డీబీఎం (dBm) అనే కొలతలో కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి 28, 29కి దిగితే ఇళ్లలో పెట్టే సాధారణ జీపాన్ (ఫైబర్) పెట్టెకి కాంతి చాలదు, ఎర్ర లైటు వెలుగుతుంది.

ఈ అంకెని మధ్యాహ్నం రెండింటికోసారి, రాత్రి పదింటికోసారి రాసుకోండి. తేడా 2 డీబీ కంటే ఎక్కువుంటే తప్పు తీగలోది. తేడా లేకుండా పెట్టె మాత్రం తనంతట తనే ఆగి మొదలవుతుంటే అది వేడెక్కుతోంది, లేదా అడాప్టర్ అలిసిపోయింది. మీరు చెప్పే ఎర్ర లైటును బట్టి తీగలో తప్పునే అనుమానించాలి. మిద్దె మీదో స్తంభం మీదో ఎండకి కాలే చోట ఫాస్ట్ కనెక్టర్ పెట్టి ఉంటారు. అందులో రెండు గాజు కొసలు ఒకదానికొకటి ఆనుకుని, మధ్య జెల్‌తో నిలుస్తాయి. వేడికి ప్లాస్టిక్ సాగితే కొసలు కాస్త ఎడమవుతాయి. చల్లబడితే మళ్లీ కలుస్తాయి. అక్కడ ఫ్యూజన్ స్ప్లైసింగ్ (గాజు కొసలను కరిగించి అతికించడం) చేయించి, స్లీవ్ తొడిగిస్తే ఆ అతుకులో పోయేది 0.1 డీబీ లోపే. వచ్చిన మనిషి పవర్ మీటరుతో స్తంభం దగ్గరొకసారి, మీ ఇంట్లో ఒకసారి చూస్తే తప్పు ఏ ముక్కలో ఉందో ఐదు నిమిషాల్లో తేలుతుంది. ఆకుపచ్చ మూతి కనెక్టరుని నీలం మూతి దానికి గుచ్చలేదు కదా అన్నదీ చూడమనండి. ఆ జోడీ కుదరదు, కాంతి అక్కడే చాలా పోతుంది.

వానాకాలంలో ఫైబర్‌కి తడి కంటే గాలి ప్రమాదం. కొమ్మ ఒరిపిడికి తీగ మడతపడితే కాంతి పక్కకి కారిపోతుంది. ఏపీ ఫైబర్‌నెట్ లాంటివి చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వెళతాయి కాబట్టి, గాలివాన తర్వాత విద్యుత్ సిబ్బంది ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపామన్న అనుమతి) ఇచ్చేదాకా కేబుల్ మనిషి స్తంభం ఎక్కలేడు. అది అతని బద్ధకం కాదు.

ప్రశ్న: వాన మొదలైతే డిష్ టీవీలాగే మొబైల్ సిగ్నలూ పోతుంది. చినుకులు అడ్డుపడతాయా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: డిష్‌కి అడ్డుపడతాయి, మీ ఫోన్‌కి కాదు. డిష్‌కి వచ్చేది 11, 12 గిగాహెర్ట్జ్ తరంగం, జోరువాన దాన్ని మింగేస్తుంది. 4జీ నడిచేది అంతకంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలో, వాన దాన్ని పెద్దగా పట్టించుకోదు. అయితే టవర్‌కి ఫైబర్ లేకుండా మరో టవర్ నుంచి మైక్రోవేవ్ డిష్‌తో లింకు ఉంటే, ఆ లింకు వానకి నీరసిస్తుంది. అప్పుడు గీతలు నిండుగా ఉంటాయి, నెట్ మాత్రం కదలదు. గీతలే మాయమైతే చాలాసార్లు కరెంటు పోయి టవర్ బ్యాటరీలు అయిపోయాయని అర్థం, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసి లాభం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక ఫోన్లు రోజుల తరబడి పనిచేయకపోవడానికి కరెంటు లేకపోవడం ఒక పెద్ద కారణం.

తుపాను వేళల్లో ప్రభుత్వం ఒక కంపెనీ సిమ్ మరో కంపెనీ టవర్ మీద పనిచేసేలా ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరిపిస్తుంటుంది. అప్పుడు ఫోన్ తనంతట తాను మారకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఆపరేటర్‌ని ఆటోమేటిక్ నుంచి తీసి, కనిపించే పేర్లు ఒక్కొక్కటీ ఎంచి చూడండి. తర్వాత ఆటోమేటిక్‌కి తిప్పడం మరవకండి. ఇంట్లో ఫైబర్ బతికుంటే వైఫై కాలింగ్ ముందే ఆన్ చేసి పెట్టుకోండి. 12 వోల్టుల మినీ యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా రూటర్ కొన్ని గంటలు నడుస్తుంది. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకోండి.

ప్రశ్న: జిల్లా అంతా నెట్‌వర్క్ రోజంతా లేకపోతే డబ్బు వెనక్కిస్తారా?

జవాబు: టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం 24 గంటలు దాటితే పోస్ట్‌పెయిడ్‌కి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్‌కి గడువు పొడిగింపు ఇవ్వాలి. ప్రకృతి వైపరీత్యం వల్ల పోతే మాత్రం వర్తించదు. కాబట్టి తుపానుకి పోయిన రోజులకు అడిగి ప్రయోజనం లేదు.