పవర్ లైటు ఆరిపోతుంటే ముందు టంకం చూడండి

రోబోలు ఆయుధాలతో కొట్టుకునే పోటీల్లో మూడు పౌండ్ల విభాగంలో, అంటే 1.36 కిలోల రోబోతో దిగుతున్నామని, పవర్ లైటు రెండో దెబ్బకే ఆరిపోతోందని, ఖరీదైనా సరే దెబ్బలకు నిలిచే లైటు పేరు చెప్పమని అడిగారు. ఖరీదైన లైటు కొనకండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రెండు మూడు రూపాయలకు దొరికే 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీ చాలు. మీ డబ్బు, శ్రమ పెట్టాల్సింది దాని వెనక ఉన్న నాలుగంగుళాల వైరు మీద.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కాలేజీ జట్టులో నాలుగేళ్లూ వైరింగు పని నాదే. పోటీల్లో ఆరిపోయిన లైట్లన్నీ ఒక డబ్బాలో వేస్తూ వచ్చాను. ఒక సాయంత్రం కూర్చుని మల్టీమీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి ఒక్కొక్కదాన్నీ పరీక్షించాను. దాదాపు అన్నీ వెలిగాయి! ఎల్‌ఈడీలో తెగడానికి ఫిలమెంటు లేదు, పగలడానికి గాజు లేదు. కొన్నింటికి కాలు ప్లాస్టిక్ ఒంట్లోంచి బయటికి వచ్చే చోట విరిగింది. మిగతావాటికి వైరు తెగింది, అదీ సరిగ్గా టంకం ఆగిన గీత దగ్గర. భూతద్దంతో చూస్తే తీగల కొసలు లాగితే తెగినట్టు సాగి లేవు, కత్తిరించినట్టు మొండిగా ఉన్నాయి.

టంకం వేసేటప్పుడు అది కరిగి సన్న తీగల మధ్యకు పాకుతుంది. పాకినంత మేరా వైరు కడ్డీలా బిగుసుకుంటుంది. దాని పక్కనే మెత్తటి వైరు. ఆయుధం తిరిగేటప్పుడు పుట్టే అదురంతా ఆ రెండూ కలిసే చోటే చేరుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తుంచుతాం చూడండి, అదే పని అక్కడ సెకనుకు వందలసార్లు జరుగుతుంది. మీరు ఎంత మంచి లైటు తెచ్చినా ఈ చోటు మారకపోతే అదీ ఆరిపోతుంది.

ఇది చిన్న విషయం కాదని నాకు మా 15 కిలోల రోబో నేర్పింది. అమెరికాలో చిన్న రోబోల పోటీలు ఎక్కువగా అనుసరించే స్పార్క్ నిబంధనల్లో, మెయిన్ పవర్ ఆన్‌లో ఉందని బయటికి స్పష్టంగా కనిపించే లైటు తప్పనిసరి. మన దగ్గరా మేం ఆడిన పోటీల్లో తనిఖీ చేసేవారు ముందు దాన్నే చూసేవారు. ఆ రోజు మ్యాచ్ ముగిసింది, మా లైటు ఆరిపోయి ఉంది. బ్యాటరీని విడదీసేందుకు ఊడబెరికే లింక్ తీసేశారనుకుని మా జట్టు కుర్రాడు రోబోను ఎత్తడానికి వంగి చెయ్యి చాపాడు. ఆయుధంగా తిరిగే డ్రమ్ము ఒక్కసారి చిన్నగా అదిరి ఆగింది. చేతికీ దానికీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. లింక్ దాని చోటులోనే ఉంది, బ్యాటరీ కలిసే ఉంది. తెగినది లైటు వైరొక్కటే. ఆ రాత్రి మా జట్టులో ఎవరికీ నిద్ర పట్టలేదు. అప్పటినుంచి మేం పెట్టుకున్న నియమం ఒకటే: వెలుగుతుంటే కరెంటు ఉన్నట్టే, ఆరిపోయి ఉంటే మాత్రం ఏమీ తెలియనట్టే. లింక్ చేతిలోకి వచ్చి, డ్రమ్ముకు అడ్డుకడ్డీ పడేదాకా దగ్గరికి పోకూడదు.

ఇప్పుడు బిగించే పద్ధతి. ఎల్‌ఈడీ కాళ్లను అయిదారు మిల్లీమీటర్లకు కత్తిరించండి. పొడవు కాళ్లు దెబ్బ తగిలినప్పుడు ఊగి, మొదలు దగ్గర విరుగుతాయి. వైరు సిలికాన్ తొడుగుది, లోపల వెంట్రుకల్లాంటి తీగలున్నది తీసుకోండి. 26 గేజి సరిపోతుంది. టంకం తక్కువ వేయండి, త్వరగా వేయండి. వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టం అతుకును మాత్రమే కప్పితే చాలదు, వైరు తొడుగు మీదికి ఒక సెంటీమీటరు పాకాలి. రెండు కాళ్ల అతుకుల మీదా కలిపి మళ్లీ పెద్ద గొట్టం ఒకటి, ఎల్‌ఈడీ సగం ఒంటి దాకా. తర్వాత వైరుకు చిన్న వంపు ఇచ్చి, రెండు సెంటీమీటర్ల అవతల దాన్ని ఫ్రేముకు కట్టేయండి. లాగుడు ఏదొచ్చినా ఆ కట్టు దగ్గర ఆగాలి, అతుకు దాకా రాకూడదు.

లైటును మాత్రం ఫ్రేముకు బిగించకండి. 5 మిల్లీమీటర్ల లైటుకు 8 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, చుట్టూ సిలికాన్ నింపి, దాని తల బయటి అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపలే ఉండేలా కూర్చోబెట్టండి. అక్కడ అది మెత్తటి దిండులో తల పెట్టుకున్నట్టు ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ కొనేటప్పుడు జాగ్రత్త: ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే రకం రాగిని తినేస్తుంది, న్యూట్రల్ రకం అడగండి. గ్లూగన్ జిగురు మోటారు వేడికి మెత్తబడి, నున్నటి అల్యూమినియం మీద నుంచి పెచ్చులా ఊడిపోతుంది. సూపర్ గ్లూ వైరులోకి పాకి దాన్ని ఇంకా బిరుసు చేస్తుంది. మీకు 3డీ ప్రింటరు అందుబాటులో ఉంటే రంగు కలపని టీపీయూతో, అంటే రబ్బరులా వంగే ప్లాస్టిక్‌తో, చిన్న గూడు ముద్రించి లైటును అందులో దూర్చండి. గూడంతా లాంతరులా వెలుగుతుంది, దెబ్బను కూడా అదే మింగుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే.

లైటు ముందు కిటికీ పెడితే పాలీకార్బొనేట్ పెట్టండి. యాక్రిలిక్ ఒక్క దెబ్బకు ముక్కలవుతుంది. పాలీకార్బొనేట్‌కు తగిలే బోల్టులకు మర వదులు కాకుండా పూసే ద్రవం వాడితే ఆ పలక కూడా బీటలు వారుతుంది.

లైటుకు వెళ్లే కరెంటును తగ్గించే రెసిస్టర్ లెక్క తేలికే. మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీ రెండు వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 10.6కు 1000 ఓంలు పెడితే సుమారు 10 మిల్లీఆంపియర్లు, పావు వాటు రెసిస్టర్ నిశ్చింతగా మోస్తుంది. అదే రెసిస్టర్‌ను ఆరు సెల్లుల బ్యాటరీకి, అంటే 25.2 వోల్టులకు పెడితే అర వాటు దాటిన వేడి పుట్టి మాడిపోతుంది. అక్కడ 3300 ఓంలు, అర వాటుది వాడండి.

అయితే విలువ కన్నా ముఖ్యం అది ఎక్కడ ఉంటుందన్నది. చాలామంది దాన్ని ఎల్‌ఈడీ పక్కన పెడతారు. నేను బ్యాటరీ పాజిటివ్ లైను నుంచి లైటు వైరు చీలే చోటే, మొట్టమొదట పెడతాను. ప్రత్యర్థి బ్లేడు ఆ సన్నవైరును కోసి ఫ్రేముకు తాకించినా, ఎంత కరెంటు పారాలన్నది ముందే కూర్చున్న రెసిస్టర్ నిర్ణయిస్తుంది. అది లైటు దగ్గరుంటే లైపో శక్తంతా ఆ తీగలోనే మండుతుంది.

లైటుకు కరెంటును రిమోట్ సంకేతం అందుకునే రిసీవరు నుంచి ఇవ్వకండి. దానికి కరెంటిచ్చేది ఈఎస్సీ, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు; అందులోని అయిదు వోల్టుల సరఫరా పోతే లైటు ఆరిపోతుంది, బ్యాటరీ మాత్రం ఆయుధానికి అందుతూనే ఉంటుంది. లింక్ దాటాక, ఈఎస్సీలకు వెళ్లే లావు వైర్ల మీదే కలపండి. అలా చేస్తే లింక్ తీసినా లైటు కాసేపు వెలగవచ్చు, భయపడకండి. తిరుగుతున్న మోటారు, నిండిన కెపాసిటర్లు ఆ లైనుకు ఇంకా కరెంటు ఇస్తున్నాయని అది నిజమే చెబుతోంది.

రంధ్రంలో బిగించే లోహపు ఒంటి 12 వోల్టుల లైట్లు మీ మనసులో ఉంటే, మేం రెండు వాడి మానేశాం. ఒళ్లు గట్టిదే, తోక వైర్లు నాసిరకం. ఎల్‌ఈడీ పట్టీ ముక్క పర్వాలేదు, కానీ 12 వోల్టుల పట్టీని నాలుగు సెల్లుల మీద, అంటే 16.8 వోల్టుల మీద పెడితే కరెంటు రెట్టింపు దాటి త్వరగా చచ్చిపోతుంది.

మీ రోబో తిరగబడినా నడిచేదైతే పైన ఒకటి, కింద ఒకటి పెట్టండి. దేని రెసిస్టర్ దానికే, దేని వైరు దానికే. తెల్ల రంగు వద్దు; అరీనా దీపాల కింద అల్యూమినియం మెరుపులో కలిసిపోతుంది.

పోటీకి ముందు ఆయుధం విప్పేసి, చీకటి గదిలో రోబోను రబ్బరు సుత్తితో నాలుగు వైపులా కొట్టండి. తర్వాత మూసిన పాలీకార్బొనేట్ పెట్టెలో ఆయుధాన్ని తిప్పుతూ, బయటినుంచి ఫోనులో స్లో మోషన్ వీడియో తీయండి. కంటికి నిలకడగా కనిపించే లైటు ఆ వీడియోలో మిణుకుమంటే అతుకులో తీగలు అప్పుడే తెగడం మొదలైంది. ఆ రాత్రే విప్పి మళ్లీ టంకం వేయండి.