విమానం వేగం, వీడియో ఫ్రేములు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్ సౌత్ టవర్‌ను ఢీకొన్న బోయింగ్ 767 గంటకు 900 కి.మీ. దాటి వచ్చిందంటారు. అంత తక్కువ ఎత్తులో, దట్టమైన గాలిలో 767 ఆ వేగానికి ముక్కలైపోతుందనీ, కాబట్టి అది వేరే విమానమనీ కొందరి వాదన. నిజమేనా?

జవాబు: వాదనలో అంకెలు సరైనవే, ముగింపే తప్పు. తక్కువ ఎత్తులో 767కి అనుమతించిన గరిష్ఠ వేగం 360 నాట్లు, అంటే 667 కి.మీ. రాడార్ లెక్కల ప్రకారం ఆ విమానం వేగం దాదాపు 510 నాట్లు, 945 కి.మీ. అయితే 360 అన్నది పైలట్లు మామూలుగా దాటకూడని గీత. డిజైన్ డైవ్ వేగం, అంటే కిందికి దూకేటప్పుడు కూడా తట్టుకునేలా రూపొందించిన గరిష్ఠ వేగం, 420 నాట్లు. రెక్కలు, తోక అదుపులేకుండా కంపించే ‘ఫ్లటర్’ దానికి మరో 15 శాతం పైదాకా, అంటే సుమారు 483 నాట్ల వరకు రాకూడదని ఇప్పటి నిబంధన. 510 ఈ గీతనూ దాటింది, దాన్ని దాచనక్కర్లేదు. అక్కడ హామీ ఉండదు. హామీ లేనంత మాత్రాన విమానం ఆ క్షణమే విరిగిపోవాలని లేదు. 1999లో ఈజిప్ట్ ఎయిర్ 990, అదీ 767యే, డైవ్‌లో 0.99 మాక్, అంటే దాదాపు ధ్వని వేగం, అందుకుంది. పరిమితి 0.86. అయినా మళ్లీ పైకి లేచి, ఆ తర్వాతే సముద్రంలో కూలింది.

ఇంజిన్లకు అంత శక్తి ఎక్కడిదంటారా? సౌత్ టవర్ విమానం చివరి ఐదు నిమిషాల్లో 24,000 అడుగులకు పైగా దిగింది. పోయిన ఎత్తు వేగంగా మారింది. వేరే విమానమనేవారు, అసలు విమానంలోని 51 మంది ప్రయాణికులు, 9 మంది సిబ్బంది ఏమయ్యారో ముందు చెప్పాలి.

ప్రశ్న: వీడియో చూసి వేగం మనమే లెక్కగట్టవచ్చా?

జవాబు: గట్టవచ్చు, విమానాన్నే కొలబద్దగా వాడండి. 767-200 పొడవు 48.5 మీటర్లు. నేపథ్యంలో ఒక స్థిరమైన బిందువు ఎంచుకుని, ముక్కు దాన్ని దాటిన ఫ్రేము నుంచి తోక దాటే ఫ్రేము దాకా లెక్కపెట్టండి. విమానం తన పొడవు దిశలోనే కదులుతుంది కాబట్టి, కెమెరా కోణం వల్ల పొడవూ ప్రయాణమూ ఒకే నిష్పత్తిలో కుదించుకుపోతాయి, లెక్క పెద్దగా చెడదు. అమెరికా ప్రసార వీడియోలో సెకనుకు సుమారు 30 ఫ్రేములు. 6 ఫ్రేములు పడితే 873 కి.మీ., ఐదున్నర పడితే 952. అధికారికంగానే 872, 945 అని రెండు అంచనాలున్నాయి. ‘కుట్ర బయటపడింది’ అంటూ చూపే ఆ తేడా ఇక్కడ అర ఫ్రేముకు సమానం!

ఎక్కువగా బోల్తా కొట్టేది కాపీల దగ్గర. 25 ఫ్రేములకు మార్చినవీ, ఒకే ఫ్రేము రెండుసార్లు వచ్చేవీ పనికిరావు. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూస్తే దొరికిపోతాయి. ఇంటర్‌లేస్ వీడియోలో ఒక్కో ఫ్రేము వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు సగాల (ఫీల్డుల) కలయిక. అలాంటిదైతే ఫీల్డులు విడదీయండి, కచ్చితత్వం రెట్టింపవుతుంది.

ప్రశ్న: ఒక ఫ్రేములో రెక్క మాయమైంది. అది గ్రాఫిక్స్ కాదా?

జవాబు: కాదు. ఒక ఫీల్డు నుంచి మరో ఫీల్డుకు విమానం 4 మీటర్లకు పైగా జరుగుతుంది. ఫీల్డులు కలిపి, ఆపై కంప్రెస్ చేసినప్పుడు సన్నటి రెక్క వెనకున్న రంగులో కలిసిపోతుంది. మరుసటి ఫ్రేములో తిరిగి కనిపిస్తుంది.

ప్రశ్న: అదే రోజు మరో విమానం అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్‌ను ఢీకొంది. ఆ వీడియోలో విమానం సరిగ్గా కనిపించదెందుకు?

జవాబు: దాన్ని తీసిన గేటు కెమెరా సెకనుకు దాదాపు ఒక్క ఫ్రేమే తీసింది. ఆ సెకనులో విమానం 230 మీటర్లకు పైగా ప్రయాణించింది. మసక ఆకారం తప్ప ఏమీ ఆశించలేం. విమానం గుర్తింపు ఆ వీడియో మీద ఆధారపడలేదు: శిథిలాల్లో ఫ్లైట్ డేటా రికార్డర్ దొరికింది, మృతులను డీఎన్ఏతో గుర్తించారు.