టర్కీని పిలిచినట్టు కౌజును పిలవచ్చా?

ప్రశ్న: సార్, మాది బద్వేలు దగ్గర పల్లె. మా అన్న కొడుకు అమెరికాలో మిస్సోరీలో ఉంటాడు, మొన్న ఏప్రిల్‌లో అడవి టర్కీల ఏటకు పోయి వీడియో పంపినాడు, చెక్క డబ్బా రుద్దితే కోడి నడుచుకుంటా వచ్చేసింది, ముందర బొమ్మకోడి పెట్టినారు. ఇదెట్లా సాధ్యం? మన లంకమల దిక్కు కౌజుల్ని ఫోన్‌లో కూత పెట్టి ఇట్లే పట్టచ్చా?

జవాబు: వీడియోలో చూసింది నిజమే. అక్కడ వసంతం వాటికి జత కట్టే కాలం, పుంజు తెల్లారకముందే కొమ్మ మీదనుంచి అరుస్తాది, ఆ అరుపు విని పెట్టలు దాని దగ్గరికి పోవడం రివాజు, ఏటగాడేమో తానే పెట్ట మాదిరి కూసి పుంజును తన దగ్గరికి రప్పించుకోవాల, కష్టమంతా అక్కడే ఉంది. డబ్బా మూతకు చాక్ పొడి పూసి అంచు మీద మెల్లగా లాగితే అచ్చం పెట్ట కూతే వస్తాది. పలక మీద పుల్లతో గీకేవాళ్ళున్నారు, అంగిట్లో రబ్బరు పొర పెట్టుకుని కూసేవాళ్ళూ ఉన్నారు. కొత్తోళ్ళు ఆగకుండా కూసి చెడగొట్టుకుంటారు, పుంజు బదులిచ్చి దగ్గరికొస్తా ఉంటే ఇంక కూత తగ్గించేయాల. పెట్ట బొమ్మ పక్కన కుర్రపుంజు బొమ్మ కూడా పెడితే పెద్దపుంజుకు రోషం వచ్చి మీదికొస్తాది.

మీవాడికి ఒకటి మాత్రం గట్టిగా చెప్పండి, ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వద్దు, పుంజు తల ఆ రంగుల్లోనే ఉంటాది, వేరే ఏటగాడు పొరబడి కాల్చేస్తాడు. భుజాలకన్నా వెడల్పున్న చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాల, ఎవరన్నా వస్తా ఉంటే చెయ్యి ఊపకుండా గట్టిగా పలకాల.

ఇంక మన కౌజుల సంగతి. ఈ విద్య మనకు కొత్త కాదు, సాకిన పిట్టను ఎరగా పెట్టి అడవి పిట్టను రప్పించే దీమం అనేది ఇదే కదా. నా చిన్నప్పుడు చూసినా, గూటికి కప్పిన గుడ్డ తీసి కంపచెట్టు కింద పెడితే దీమం పిట్ట గొంతెత్తేది, అడవి కౌజు మెడ నిక్కించుకుని ఉరికొచ్చి ఉచ్చులో పడేది, దాని జతది పొద్దు గూకేదాకా ఆ కంపల్లోనే కూస్తా తిరిగేది. ఆ కూత నాకింకా చెవుల్లోనే ఉంది.

కాబట్టి వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఉచ్చు వేసినా ఏటే, నేరమే, అందులోనూ లంకమల అభయారణ్యం. అమెరికాలో కూడా ఒకప్పుడు విచ్చలవిడిగా కాల్చి టర్కీలను దాదాపు తుడిచిపెట్టేసినారు, తర్వాత పట్టి వేరే అడవుల్లో వదిలి పెంచుకున్నారు, 1937 నుంచి తుపాకులు, తూటాల మీద పన్ను డబ్బు జంతువులకే ఖర్చు పెడతా ఉన్నారు, లైసెన్సు, సీజను, లెక్క ఉన్నాయి, వసంతంలో మామూలుగా పెట్టల జోలికి పోనీరు. మనకు అట్లాంటి ఏర్పాటేదీ లేదు.

మీ లంకమలలోనే కలివికోడి అనే అరుదైన పిట్ట 1900 నుంచి కనబడక అంతరించిందనుకుంటే 1986లో పట్టిచ్చింది పిట్టలు పట్టే ఐతన్నే. తర్వాత దాని కూత రికార్డు చేసి, పొదల్లో వినిపించి, బదులొస్తాదేమో అని వెతికినారు. మీకు కౌజు కూత అంత ఇష్టమైతే ఫోన్ కూడా వద్దు, గుడ్లు పొదిగే కాలంలో బెదిరిపోతాయి. తెల్లారుజామున చేను గట్టు మీద కదలకుండా కూర్చోండి, వాటంతటవే పిలుచుకుంటాయి.