నేను విశాఖలో ఉంటాను. పాత ఫ్రెంచ్ సైనిక బూట్లు కొనాలనుకుంటున్నాను, అసలైనవో కావో ఎలా తెలుస్తుంది?

ముందు బూటు తిరగేసి సోల్ చూడండి. అమ్మేవాడు చెప్పే కథ తర్వాత వినొచ్చు.

నేను ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో ఉంటాను. ఎండాకాలం ఆదివారాల్లో ఇక్కడి ఊళ్లలో జనం ఇంట్లోని పాత సామాను వీధిలో పరిచి అమ్ముతారు. నా దగ్గరున్న జతలు చాలావరకు అక్కడ దొరికినవే. ఒకసారి ఒకాయన రెండు బకిల్స్ ఉన్న నల్ల బూట్లు పెట్టుకుని, "మా పెదనాన్న వియత్నాంలో, దియెన్ బియెన్ ఫూ యుద్ధంలో ఇవే వేసుకుని పోరాడాడు" అంటున్నాడు. చుట్టూ జనం చేరారు. ఒక కుర్రాడు పర్సు కూడా తీశాడు. నేను బూటు అందుకుని తిప్పి చూశాను. తోలుకే అతికేలా పోతపోసిన రబ్బరు సోల్! అది 1965 మోడల్. దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచ్ సైన్యం ఓడిపోయింది 1954 మేలో. ఆ మాటే కుర్రాడికి చెప్పాను. "మా ఇంటివాళ్లు అబద్ధాలు చెబుతారంటావా" అని ఆయన నా మీద అరిచాడు. పెదనాన్న అక్కడ పోరాడే ఉండొచ్చు, కానీ ఆ బూట్లతో కాదు. కుర్రాడు పర్సు జేబులో పెట్టేసుకున్నాడు.

అసలు ఇండోచైనా (అప్పట్లో ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని వియత్నాం, లావోస్, కంబోడియా) అడవుల్లో చాలామంది ఫ్రెంచ్ సైనికులు గుడ్డ బూట్లే వేసుకున్నారు. పారాట్రూపర్ల 1950 మోడల్‌కు బకిల్స్ ఉండవు, పైదాకా లేసులే. రెండు బకిల్స్ 1952 మోడల్‌తో వచ్చాయి, అమెరికావాళ్ల 1943 బూటు చూసి చేసినవి. మొదటి ప్రపంచ యుద్ధం నాటివైతే తోలు సోల్ నిండా ఇనప మేకులుంటాయి.

ఆన్‌లైన్‌లో రెండు బకిల్స్ కనిపిస్తే చాలు, "ఫారిన్ లీజియన్" (విదేశీయులు చేరే ఫ్రెంచ్ సైనిక దళం) అని రాసి ధర పెంచేస్తారు. మామూలుగా సైన్యంలో పనిచేసిన కుర్రాళ్లందరికీ అవే ఇచ్చారు, లీజియన్ ప్రత్యేకత ఏమీ లేదు. ఇంతకంటే నాకు కడుపు మండేది పాలిష్ సంగతి. 1952 మోడల్ తొలి జతలు గోధుమరంగువి. ఈ మధ్య అమ్మేవాళ్లు మెరుపు కోసం వాటికి నల్లరంగు దట్టిస్తున్నారు. ఆ రంగు మళ్లీ పోదు. కొత్త సోల్ వేయించిన జతనూ నేను ముట్టుకోను. వయసు చెప్పే భాగమే పోయాక ఇంక మిగిలేదేముంది?

మీరు విశాఖలో ఉంటానన్నారు కాబట్టి ఒక మాట. ఆ తేమకు తోలు ఇట్టే బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో పెట్టకండి. లోపల పాత కాగితాలు కుక్కి, గాలి ఆడే అరలో ఉంచండి.