రేడియోధార్మికత అంటే ఇష్టమున్న కెమిస్ట్రీ విద్యార్థినికి ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది. కేంద్రక స్థిరత్వం, రేడియోధార్మిక విఘటనం పాఠాలంటే ప్రాణం. ఆ రంగంలోకే వెళ్తానంటోంది. ఉద్యోగాలుంటాయా? రేడియేషన్‌తో ఆరోగ్యం పాడవదా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: ఉద్యోగాలున్నాయమ్మా. అయితే ‘న్యూక్లియర్ కెమిస్ట్రీ’ అన్న పేరున్న పీజీ కోసమే వెతకొద్దు. మంచి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయించండి. ఇనార్గానిక్, అనలిటికల్ గట్టిగా చదవాలి. ఈ రంగంలో కెమిస్టు చేసేది ఎక్కువగా విడదీయడం, శుద్ధి చేయడం, కొలవడమే. హైదరాబాద్‌లో అణు రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీనే (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) తీసుకోండి. ఇంధన గొట్టాలకు వాడే జిర్కోనియంలో సహజంగానే హాఫ్నియం కలిసి ఉంటుంది. రసాయన గుణాల్లో రెండూ దాదాపు ఒకటే. కానీ రియాక్టర్ నడవడానికి కావాల్సిన న్యూట్రాన్లను హాఫ్నియం మింగేస్తుంది, అది ఉంటే గొట్టం పనికిరాదు. వాటిని విడదీయాలంటే సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ (ద్రావణితో ఒక పదార్థాన్ని వేరుచేసే పద్ధతి) బాగా తెలిసినవాళ్లు కావాలి.

ఎమ్మెస్సీలో 60 శాతం తగ్గకుండా చూసుకుంటే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నడిపే శిక్షణ కార్యక్రమం ఓసీఈఎస్‌కు దరఖాస్తు చేయొచ్చు. గేట్ స్కోరుతో గానీ, వాళ్లు పెట్టే ఆన్‌లైన్ పరీక్షతో గానీ ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఏడాది శిక్షణ విజయవంతంగా ముగించినవారికి సైంటిఫిక్ ఆఫీసర్ ఉద్యోగం. ఇంటర్వ్యూకు బట్టీ పనికిరాదు. సీసం దాటాక స్థిరమైన కేంద్రకం ఒక్కటీ ఎందుకు లేదో మీ అమ్మాయి తన మాటల్లో చెప్పగలగాలి: ప్రోటాన్ల వికర్షణ కేంద్రకమంతటా పాకుతుంది, పట్టి ఉంచే బలం మాత్రం పక్కవాటి దాకానే.

ఆస్పత్రుల్లో ఇంకో దారి ఉంది, న్యూక్లియర్ మెడిసిన్, అంటే రేడియోధార్మిక పదార్థాలతో రోగ నిర్ధారణ, చికిత్స. దీనికి బీఎస్సీ తర్వాత నేరుగా ఎమ్మెస్సీలో చేరొచ్చు. అక్కడ మాలిబ్డినం-99 ఉన్న జనరేటర్‌లోంచి సెలైన్ పోనిస్తే స్కానింగ్‌కు వాడే టెక్నీషియం-99ఎం దిగుతుంది. దాని అర్ధాయువు 6 గంటలు, అంటే ప్రతి 6 గంటలకు సగమవుతుంది. ఉదయం ఏడింటికి 740 మెగాబెక్రెల్ (రేడియోధార్మికత కొలమానం) ఉంటే మధ్యాహ్నం ఒంటిగంటకు 370. రోగి ఆలస్యంగా వస్తే లెక్క మళ్లీ వేయాల్సిందే. చేరేముందు ఆ కోర్సు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నిబంధనల ప్రకారం ఆ పని చేసే అర్హత ఇస్తుందో లేదో తప్పక కనుక్కోండి. ఫీజు కట్టేశాక అడిగి లాభం లేదు.

ఇక మీ భయం. అది సహజమే. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లు టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటారు, ఎంత తగిలిందో క్రమం తప్పకుండా నమోదవుతుంది. పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భం దాల్చిన ఉద్యోగి ఆ సంగతి తెలియజేస్తే, బిడ్డకు చేరే మోతాదు 1 మిల్లీసీవర్టు మించకుండా ఆమె పనిని మార్చాలి. ఈ నిబంధన అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.