చెట్టు కొట్టే ముందు మొదలు చూడండి

పెరటి చెట్టును ఉంచాలా, తీసేయాలా అని విశాఖ పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. చాలామంది కొమ్మలనూ రాలే ఆకులనూ చూసి నిర్ణయం తీసుకుంటున్నారు. చెట్టు నిలుస్తుందా, పడుతుందా అన్నది తేలేది మాత్రం నేల దగ్గర.

ప్రశ్న: మా ఇంటి గోడకు పది అడుగుల దూరంలో ముప్పై ఏళ్ల మామిడి చెట్టు ఉంది. హుద్‌హుద్ తుపానుకు ఇంటివైపు కాస్త ఒరిగింది. మొదట్లో ఒక తొర్ర కూడా ఉంది. మళ్లీ పెద్ద గాలి వస్తే మీద పడుతుందని మావారు కొట్టించేద్దామంటున్నారు. కాయ కాసే చెట్టును కొట్టకూడదని అత్తయ్య అంటున్నారు. ఏం చేయమంటారు? (సీతమ్మధార)

ఒరిగిన ప్రతి చెట్టూ పడిపోదండీ. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. అప్పుడు ఒరిగిన చెట్టు ఆ తర్వాత పైకి నిటారుగా పెరిగి, కాండం విల్లులా వంగి ఉంటే, వేళ్లు మళ్లీ పట్టు సాధించాయని అర్థం. అలా కాకుండా మొదలు నుంచి తల దాకా కర్ర పాతినట్టు తిన్నగా వాలి ఉంటే అనుమానించాలి. చెట్టు ఎటు ఒరిగిందో దానికి ఎదురు వైపు నేల చూడండి. అక్కడ మట్టి ఉబ్బినా, మొదలు చుట్టూ వంపు తిరిగిన పగుళ్లు ఉన్నా, గాలి వీచినప్పుడు నేల కదిలినా ఇక ఆలస్యం చేయకూడదు. అది వేళ్లు వదిలేస్తున్న చెట్టు.

తర్వాత మొదలు చుట్టూ అర అడుగు లోతున మట్టి తీసి చూడండి. మన ఇళ్లలో కాండాన్ని ఆనించి సిమెంటు పోసేయడం, టైల్స్ పరిచేయడం మామూలైపోయింది. దానివల్ల బెరడు నాని కుళ్లుతుంది, ఆ కుళ్లు పైకి కనబడదు. సిమెంటు ఉంటే చుట్టూ కనీసం మూడు అడుగుల మేర పగలగొట్టి తీయించండి. నాలుగు వైపులా లావు వేళ్లు కనబడాలి. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో వేరునూ పొడవండి. గట్టిగా తగిలితే మంచిది. మెత్తగా దిగిపోతే ఆ వేరు పోయినట్టే. ఒకే పక్కన వేళ్లన్నీ పోయినా, మొదట్లో పుట్టగొడుగులు బల్లలా పొడుచుకొచ్చినా చెట్టు మీద ఆశ పెట్టుకోకండి.

ఇక తొర్ర. తొర్ర పడ్డ చెట్టు అంతమాత్రాన బలహీనం కాదు, బరువు మోసేది చుట్టూ ఉన్న గట్టి చెక్క. ఆ చెక్క మందం కాండం వ్యాసార్ధంలో మూడో వంతైనా ఉండాలి. మీ చెట్టు చుట్టుకొలత అయిదు అడుగులనుకోండి. వ్యాసార్ధం తొమ్మిదిన్నర అంగుళాలు. అంటే బెరడు కాకుండా మూడు అంగుళాలకు పైన గట్టి చెక్క కావాలి. ముందు చెక్క సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ వెళ్లండి, డొల్ల ఉన్నచోట డప్పులా మోగుతుంది. అక్కడ సన్నటి పొడవాటి బిట్టుతో డ్రిల్లు వేసి, వచ్చే పొట్టును చూడండి. లేత రంగులో ఉంటే గట్టి చెక్క. నల్లగా, తడిగా ఉన్నా, బిట్టు ఉన్నట్టుండి లోపలికి జారిపోయినా అక్కడి నుంచి కుళ్లే. ప్రతి రంధ్రమూ చెట్టుకు గాయమే కాబట్టి రెండు మూడు చోట్ల చాలు. ఒక షరతు: తొర్ర నోరు చుట్టుకొలతలో మూడో వంతు కన్నా వెడల్పుగా తెరుచుకుని ఉంటే ఈ లెక్క పనికిరాదు. తొర్రలో సిమెంటు మాత్రం నింపకండి. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. మధ్యలో పగులు వచ్చి నీళ్లు దిగి కుళ్లు పెరుగుతుంది.

చివరగా, పడితే దేని మీద పడుతుంది? కారైతే వేరేచోట పెట్టుకోవచ్చు. పడకగదిని జరపలేం. వేళ్లో చెక్కో బలహీనమని తేలి, చెట్టు కింద మనుషులు పడుకునే గది ఉంటే కొట్టించేయండి, అత్తయ్యగారికి మొదలు దగ్గరి కుళ్లు చూపించండి. రెండూ గట్టిగా ఉంటే చెట్టును ఉంచి, ఇంటివైపు కొమ్మలు కొన్ని తీయించి బరువు తగ్గించండి. కాయలు దిగాక జూన్, జులైలో చేయిస్తే అక్టోబరు, నవంబరు తుపాన్లలోపు గాయాలు మానడం మొదలవుతుంది. ఏడాదికి ఆకుల గుబురులో నాలుగో వంతుకు మించి తీయకూడదు. తల మొత్తం నరికి మోడు చేయడం అన్నిటికన్నా చేటు. ఆ మోడు మీద వచ్చే పిలకలు బెరడు కిందే అతుక్కుని ఉంటాయి, లావెక్కాక గాలికి అవే ముందు విరుగుతాయి.

లావు కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదటి కోత కాండానికి అడుగున్నర దూరంలో, కింది నుంచి పైకి, మూడో వంతు మందం వరకు. రెండోది దానికి కాస్త అవతల, పై నుంచి కిందికి. కొమ్మ విరిగి పడుతుంది కానీ బెరడు చీలుకుంటూ కాండం దాకా రాదు. మూడో కోతతో మిగిలిన ముక్కను కొమ్మ మొదట్లో ముడతలు పడ్డ ఉంగరం బయట తీయాలి. ఆ ఉంగరమే గాయాన్ని మూసేది, దాన్ని చెక్కేస్తే గాయం మానదు.

ప్రశ్న: వేప చెట్టు వల్ల ప్రహరీ గోడ పగిలింది. వేళ్లు నరికిస్తే సరిపోతుందా, చెట్టే తీసేయాలా? (గాజువాక)

వేళ్లు నరికించడం చెట్టు తీసేయడం కన్నా ప్రమాదం. కాండం వ్యాసానికి మూడు రెట్ల దూరంలోపు లావు వేళ్లను నరికితే చెట్టు పట్టు తప్పుతుంది. అడుగున్నర వ్యాసం ఉన్న చెట్టుకు నాలుగున్నర అడుగుల లోపల గునపం పెట్టకూడదు. ప్రహరీ చాలా చోట్ల లోతు లేని పునాది మీద నిలబడుతుంది, కింద వేరు లావెక్కితే గోడ లేస్తుంది. అంతమేర గోడ తీసేసి, వేరుకు అటూ ఇటూ చిన్న గుంత పునాదులు వేసి, వాటి మీద కాంక్రీటు బీము వేయించండి. వేరుకూ బీముకూ మధ్య మూడు నాలుగు అంగుళాల ఖాళీ వదలండి. ఆ బీము మీద గోడ కట్టుకోవచ్చు. చెట్టూ గోడా రెండూ ఉంటాయి.

ప్రశ్న: మా వేప కొమ్మల చివర్లు మాడినట్టు ఎండిపోయాయి. చచ్చిపోయిందని కొట్టేయమంటున్నారు. (ఎంవీపీ కాలనీ)

కొట్టకండి. అది ఫోమాప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు కావచ్చు. 2021లో తెలంగాణలోనూ మన రాష్ట్రంలోనూ వేపలు ఇలాగే ఎండాయి. చాలా చెట్లు తర్వాత చిగురించాయి. బెరడును గోటితో గీరండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. ఎండిన చోటికి మూడు అంగుళాల కింద, పచ్చి భాగంలో కత్తిరించి ఆ పుల్లలను తగలబెట్టండి. ఒక వేసవి గడిచేదాకా ఆగండి.

ప్రశ్న: కొబ్బరి మొదట్లో ఎర్రటి జిగురు కారుతోంది. కింది మట్టలు వాలిపోతున్నాయి. (భీమిలి)

రెండూ కలిసి కనబడుతున్నాయంటే ఎక్కువగా గానోడెర్మా అనే శిలీంద్రం వల్ల వచ్చే తెగులే. ఇసుక నేలల్లో, నీరు తక్కువైన చెట్లకు ఇది ఎక్కువ. మొదట్లో పుట్టగొడుగు కూడా వచ్చేసిందా, ఆ చెట్టు దక్కదు. ఇక్కడ చెట్టు కొట్టడం ఒక్కటే చాలదు, మొద్దునూ వేళ్లనూ తవ్వి కాల్చేయాలి. లేకపోతే తెగులు మట్టిలోనే ఉండి పక్క చెట్టుకు పాకుతుంది. మధ్యలో రెండు అడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తీయండి. బాగున్న ఒక్కో చెట్టు పాదులో 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులు శిలీంద్రాన్ని అణిచే మేలు శిలీంద్రం) కలిపి వేసి, తడి ఆరకుండా చూడండి.

ప్రశ్న: మా ఇల్లు కొండవాలులో ఉంది. పైన ఉన్న పెద్ద చెట్టు కొట్టించాలంటే ఏం చేయాలి? (మధురవాడ)

మీ స్థలంలోదైనా సరే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఉద్యాన విభాగంలో అడగండి. జాతి, చుట్టుకొలత, ప్రమాదం కనబడే ఫోటోలు దరఖాస్తుతో పెట్టండి. కరెంటు తీగలు దగ్గరుంటే 1912కు ఫోన్ చేసి, సరఫరా ఆపించాకే మనిషిని ఎక్కించండి. చెట్టును నిలువునా పడగొట్టనివ్వొద్దు. పై నుంచి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ మోకు కట్టి దించాలి.

వాలులో మొద్దు మాత్రం తవ్వించకండి. ఆ వేళ్లే మట్టిని పట్టి ఉంచాయి. కొట్టాక అవి కొన్నేళ్లలో కుళ్లిపోతాయి, అప్పుడొచ్చే గట్టి వానకు మట్టి జారే ప్రమాదం ఉంది. ఆ గడువులోపు కొత్త వేళ్లు దిగాలి. తొలకరి పడగానే వాలుకు అడ్డంగా వరసలు తీసి, 15 సెంటీమీటర్లకో వట్టివేరు పిలక నాటండి. వరసల మధ్య కానుగ మొక్కలు పెట్టండి. మొదటి ఏడాది వేసవిలో నీళ్లు పోయడం మానకండి.