వాళ్ళకు చెరో పేరా ఇవ్వు

చిరంజీవికి ఆశీస్సులు.

1920ల నాటి పారిస్ సాహిత్యంపై నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. జాయిస్, పౌండ్, హెమింగ్వే వంటి రచయితల గురించి రాసిన భాగంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ సిల్వియా బీచ్‌ని పుస్తకాల దుకాణం యజమానురాలిగా ఒక్క వాక్యంలో పరిచయం చేసి దాటిపోవడం నాకు బాధ కలిగించింది.

1919లో ఆమె పారిస్‌లో షేక్‌స్పియర్ అండ్ కంపెనీ అనే తన దుకాణం తెరిచేనాటికే ఆడ్రియెన్ మోనియే అక్కడి ఓడియన్ వీధిలో నాలుగేళ్ళుగా పుస్తకాల దుకాణం నడుపుతోంది. బీచ్‌కు ఆ వ్యాపారంలో మెళకువలు నేర్పిందీ, ఆమెతో జీవితం పంచుకున్నదీ మోనియేనే. 1921లో బీచ్ తన దుకాణాన్ని ఆ వీధిలోకే, ఆమె దుకాణానికి ఎదురుగా మార్చుకుంది. జాయిస్ నవల 'యులిసిస్'ను అమెరికాలో ధారావాహికగా వేసిన 'లిటిల్ రివ్యూ' పత్రిక సంపాదకులు మార్గరెట్ ఆండర్సన్, జేన్ హీప్ కూడా ఒకప్పుడు జంటగా బతికినవారే. ఆ రచన అశ్లీలమని తేల్చిన న్యూయార్క్ న్యాయస్థానం 1921లో వాళ్ళకు చెరో 50 డాలర్ల జరిమానా వేసింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోవడానికి జంకిన ఆ నవలను, అంతవరకు ఒక్క పుస్తకమైనా ప్రచురించి ఎరగని బీచ్ నెత్తికెత్తుకుంది. ఆ పుస్తకం అచ్చయిన ఫ్రాన్స్‌లోని దిజోఁ నగరపు అచ్చుకూటంలో అక్షరాలు కూర్చేవారికి ఇంగ్లీషు రాదు. జాయిస్ చూస్తే ప్రూఫుల అంచుల నిండా కొత్త వాక్యాలు చేరుస్తూనే ఉన్నాడు. ఖర్చు పెరుగుతున్నా ఆమె అడ్డు చెప్పలేదు. 1922 ఫిబ్రవరి 2న, జాయిస్ నలభయ్యో పుట్టినరోజు ఉదయం, దిజోఁ రైలు కండక్టరు చేతి నుంచి మొదటి రెండు ప్రతులను ఆమే స్వయంగా అందుకుంది.

అయితే ఈ లెస్బియన్ స్త్రీలను మగ రచయితలకు పురుడు పోసిన మంత్రసానులుగా మాత్రమే చూపిస్తే మళ్ళీ అన్యాయమే. రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్ 1909లో తన తొలి పుస్తకాన్ని సొంత డబ్బుతో అచ్చు వేయించుకుంది. ఆమె చేతిరాత ప్రతులను ఏళ్ళ తరబడి టైపు చేసిన సహచరి ఆలిస్ టోక్లాస్, 1930లలో ఒక పికాసో చిత్రాన్ని అమ్మితే వచ్చిన సొమ్ముతో వాటిని ప్రచురించే పని కూడా చేపట్టింది. చిత్రకారిణి రోమైన్ బ్రూక్స్ 1923లో గీసుకున్న స్వీయచిత్రాన్ని తప్పక చూడు: బూడిదరంగు నేపథ్యం, నల్లకోటు, ఎత్తైన టోపీ నీడలో సూటిగా చూసే కళ్ళు.

వాళ్ళ ప్రేమను దాచి రాయవద్దు. ఇల్లు మగవాడి చుట్టూ తిరగాలనే కట్టుబాటును పక్కన పెట్టినందువల్లే తమ కాలాన్నీ డబ్బునూ ఇష్టమైన పనికి ధారపోయగలిగారని నా నమ్మకం. వారసత్వపు ఆస్తి ఉన్న రచయిత్రి నటాలీ బార్నీకీ, తల్లి పొదుపు సొమ్ముతో దుకాణం పెట్టిన బీచ్‌కీ ఉన్న తేడా కూడా చెప్పు.

సవరించిన ప్రతిలో మోనియేకూ టోక్లాస్‌కూ చెరో పేరా ఇవ్వు. అందుకోసం జాయిస్ భాగం కుదించాల్సి వచ్చినా ఫరవాలేదు.